పొయ్యి మీద పడిన ఫోకస్

ఫోటోగ్రాఫర్ కంప్యూటర్ తెరను మా వైపు తిప్పే ముందు, "కూర్చోండి సార్," అని తన కుర్చీ నాకిచ్చాడు.

నా భార్య పోయాక హాల్లో పెట్టడానికి ఒక్క మంచి ఫోటో దొరకలేదు. కెమెరా కనబడితే చాలు, ఆమెకు ఏదో పని గుర్తొచ్చేది. గుర్తింపు కార్డు మీది తప్పిస్తే, వంటింట్లో నేను ఫోన్‌తో తీసిన ఇదొక్కటే మిగిలింది. పొయ్యి పక్కన నిలబడి, నవ్వుతూ తల తిప్పింది. దాన్ని పెద్దది చేయించాలని మా మరదలూ నేనూ వచ్చాం.

"ఫోకస్ మేడం మీద లేదు సార్, పొయ్యి మీద పడింది. మంట చూడండి, ఎంత స్పష్టంగా ఉందో. మొహమేమో మసక. కాస్త సరిచేశాను."

సరిచేసిన మొహంలో కనురెప్పల వెంట్రుకలు కూడా విడివిడిగా ఉన్నాయి.

"అందంగానే ఉంది," అంది మరదలు. "ఎవరీవిడ?"

"మీ అక్కగారేనమ్మా."

"మా అక్క ఇంత బుద్ధిగా ఎవరి ముందూ నిలబడలేదులే బాబూ. బావా, నువ్వేమంటావు?"

ఈమధ్య ఎవరేం అడిగినా జవాబు పక్కగదిలో ఎక్కడో ఉన్నట్టుంటుంది. లేచి వెళ్ళి తేవాలి.

"పోనీ, ఫోకస్ అంటే ఏంటో అదైనా చెప్పు. మాటల పుట్టుకలు చెప్పి మా అక్క బుర్ర తినేవాడివిగా."

"పొయ్యి," అన్నాను. "లాటిన్ మాట. ఇంట్లో నిప్పుండే చోటు. భూతద్దం గుండా వెలుగంతా ఒకచోట చేరి కాలుస్తుంది చూడు, శాస్త్రం రాసేవాళ్ళు ఆ చోటికీ అదే మాట పెట్టుకున్నారు. అక్కణ్ణుంచి కెమెరాల్లోకి వచ్చింది."

"అయితే మీ ఫోన్‌కి లాటిన్ వచ్చన్నమాట," అన్నాడు ఫోటోగ్రాఫర్.

మరదలు ఫక్కున నవ్వింది. అక్క పోయాక ఆమె నవ్వడం అదే మొదలు. వెంటనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అతను చూడనట్టు కీబోర్డు తుడుచుకున్నాడు.

"సరిచేసింది వద్దు. ఉన్నదున్నట్టు వేయండి," అన్నాను.

"పెద్దది చేస్తే మసక కూడా పెద్దదవుతుంది సార్, మొహం మిగలదు. అరచేతిలో పట్టేంత వేస్తే కుదురుకుంటుంది."

"అంత చిన్నదా? హాల్లోకి వచ్చినవాళ్ళు మా అక్కని వెతుక్కోవాలి," అంది మరదలు.

"వెతుక్కోనీ."

అతను ఫోటో అంచులు కత్తిరించి ఆమె చేతిలో పెట్టాడు. దగ్గరగా పెట్టుకుని చూసింది, దూరంగా పట్టుకుని చూసింది.

"అక్కే," అని నాకిచ్చింది.

ఏడుపొస్తుందేమోనని కాసేపు చూశాను. రాలేదు. కానీ గుర్తుపట్టాను.