అలిగిన గోడ

రాజమల్లు కట్టిన అర్ర గోడ తడిసింది. వానకాలంల ఎవలింటి గోడ తడవదు, దానికింత లొల్లెందుకు అంటరేమో. అట్లనేటోళ్లు ఆయన పెండ్లాం అంజవ్వ మొఖం సూడాలె. వానొచ్చిననాడు తడిసి, ఎండ గొట్టంగనే ఆరితే ఆమెకు రందే ఉండకపోవు. వాన ఎలిసి ఎండలు గొడుతున్నా సరే, చెమ్మ ఎక్కుడే గానీ దిగుడు లేదు. పైన పెంకలు పగల్లేదు. కింద చుక్క కారలేదు. గోడ లోపల ఎవలో కూసోని ఏడుస్తున్నట్టు మట్టిలకెల్లి నీళ్లు ఊరుతున్నయి.

"ఇదేం వింతనే తల్లీ!" అనుకుంట అంజవ్వ వచ్చేటప్పుడొకసారి, పోయేటప్పుడొకసారి గోడకు చెయ్యి ఆనిస్తది. చెయ్యి తడి గాంగనే కొంగుకు తుడుసుకుంటది. మల్ల ఆనిస్తది. ఏం సమజైతలేదు.

అది బోధన్ల చక్కర కార్ఖాన లేస్తున్న యేడు. ఎడపల్లిల చెరుకు ఏసినోళ్లందరు మీసాలు దువ్వుకుంట తిరుగుతున్నరు. రాజమల్లు గుడ మడిమీద చెరుకు, చెల్కల పసుపు ఏసిన మనిషే. కొన్నేండ్ల కింద కొడుకు ముత్తన్న లగ్గానికి పాత ఇంటికి ఆనిచ్చి ఒక కొత్త అర్ర కట్టిండు. రెండు కప్పుల వాలు కలిసేకాడ, నడిమి గోడ నెత్తిమీద, ఇందూరు బజారుకెల్లి బండి మీద తెచ్చిన రేకుతోని పొడుగుపాటి దోని ఏపిచ్చిండు. రెండు కప్పుల మీది వాన గా దోనిల వడి, దాని మూతిలకెల్లి వాకిట్లకు దుంకుతది. ఊర్లె గసొంటి దోని ఇంకెవలికీ లేదు. వానొచ్చినప్పుడల్ల వాకిట్ల నిలవడి, "సూడు, ఎట్ల దుంకుతున్నదో" అని పెండ్లాన్ని పిలిసి మరీ సూపిచ్చేటోడు.

అసొంటి మనిషి కార్తీకంల పోయిండు. ఆ పొద్దు అంజవ్వ బువ్వ పెట్టింది. "జెర చెరుకుకు నీళ్లు మలిపొచ్చి తింట" అన్నడు. మడి ఒడ్డు మీద కూసున్నోడు కూసున్నట్టే ఒరిగిండు. కంచంల బువ్వ కంచంలనే ఉన్నది. అంజవ్వ గుండెల గా కంచం అట్లనే మిగిలింది. మనిషి పోతే పాయె, ఆకలితోని పాయె గదా అని.

పైంగ మూడోనాడు పిట్టకు పెడితే కాకి సుట్టూ తిరిగింది గానీ ముట్టలేదు. కులపోళ్లందరు దూరం జరిగిండ్రు. ముత్తన్న, "ఏం కోరిక మిగిలింది బాపూ" అని దండం పెట్టిండు. అయినా ముట్టలేదు. ఆఖరికి అంజవ్వే ముంగటికొచ్చి, "అమాస అమాసకు నా చేత్తోని నీకు బువ్వ పెడత, ఇగ అలుగకు" అన్నది. అప్పుడు కాకి వాలింది.

మాటిచ్చినంక తప్పుతదా? అమాసనాడు పొయ్యి మీదికెల్లి దించిన మొదటి ముద్ద మోదుగాకు ఇస్తార్ల పెడ్తది. నిచ్చెన సగం ఎక్కి, చెయ్యి జాపి, దోని పక్కన పెంకల మీద పెడ్తది. గాలికి లేవకుండ ఇస్తారి మీద ఒక గులకరాయి. ఆ జాగనే ఎందుకంటే, కాకి ఎప్పుడొచ్చినా గాడ్నే వాలుతది. తాను కట్టుకున్న అర్ర మీద ఆశ పోలేదు పాపం అనుకునేది అంజవ్వ. దోని లోపట ఏమున్నదో ఆమె ఎత్తుకు కానరాదు. సూడాలన్న సోయి గుడ లేకుండె.

మిరుగం దాటి వానలు మొదలైనయి. ఆషాఢం అమాసకు ఇస్తారి పెట్టిన కొన్నొద్దులకే గోడకు మరక లేసింది.

పక్కింటి ఈరవ్వ వచ్చి సూసి, ముక్కు మీద ఏలు పెట్టుకున్నది. "రాజమల్లన్న అలిగిండే అక్కా. నెలకొక్కసారి పెడితే ఎవలికి నిండుతది కడుపు?" అన్నది. ఊకె కూసున్న నోరు ఏదో అంటది, గని అంజవ్వకు ఆ మాట ముల్లు లెక్క దిగింది. అమాసకు పెట్టేది సోమారం సోమారం పెట్టింది. బెల్లం బువ్వ ఇష్టమని బెల్లం బువ్వ పెట్టింది. గారెలు చేసింది. మరక మోకాలంత ఉన్నది నడుము దాంక పాకింది. ఇగ రోజూ పెట్టవట్టింది. పెట్టినకొద్ది గోడ తడుస్తున్నది, గోడ తడిసినకొద్ది ఆమె పెడుతున్నది.

"గారెలు తినుకుంట గుడ ఏడుస్తరా అత్తా?" అని అడిగింది కోడలు గంగుబాయి. రెంజల్ ఊరి పిల్ల, మనసుల మాట నోట్లె ఆగది. "మా మామ అసొంటోడు కాదు. గారె కనవడితే నవ్వేటోడు."

అంజవ్వ కోపానికొచ్చింది. గని రాత్రి పండుకున్నంక ఆ మాటే మతిల తిరిగింది. నిజమే గదా, గారె కనవడితే నవ్వేటోడు గదా. మరి ఏడుస్తున్నది ఎవలు? ఎందుకు? ఆమె బుర్ర ఆగమాగమైంది.

ముత్తన్న లెక్క వేరే. చెమ్మ భూమిలకెల్లి ఎక్కుతున్నదన్నడు. ఇంటి ఎనుక కాలువ తవ్విండు. చెమ్మ ఎక్కుతనే ఉన్నది. అర్ర లోపలికెల్లి పెంకలు సదిరిచ్చిండు. ఎక్కుతనే ఉన్నది. ఇసుగొచ్చి పార పక్కకేసి కూసున్నడు. ఒకనాడు పొద్దుగాల్ల గంగుబాయి మంచంల లేసి కూసుందో లేదో, తలగడ మీద ధబ్బున మట్టిపెల్ల వడ్డది. తల అంత పెల్ల! పిల్ల కెవ్వున మొత్తుకున్నది. ముత్తన్న వచ్చి సూస్తే గోడ కడుపు ఉబ్బి, అడ్డంగ నెర్రె బాసింది.

"ఇగ అయిపోయింది. రేపు మనుషులను పిలిసి అర్ర కూలగొడ్త" అన్నడు ముత్తన్న. "గోడ మీద వడి మనిషి సచ్చినంక ఏడిస్తే ఏం లాభం?"

"మీ బాపు కట్టిందిరా!"

"బాపు కట్టింది నాకు తెల్వదా అవ్వా? నాకు సంబురమా?" అన్నడు. గిర్రున తిరిగి బయటికి పోయిండు.

అంజవ్వ గోడ ముంగట నిలవడ్డది. బతిలాడింది. తిట్టింది. "ఏందయ్యా నీ అలుగుడు? పెట్టినదాన్ని పెడుతనే ఉంటి. ఇంకేం గావాలె? నీ ఇల్లు నువ్వే కూల్చుకుంటవా?" అన్నది. గోడ పలుకుతదా? ఆమెకు దుఃఖం ఆగలేదు. కొంగు నోట్లె కుక్కుకొని, బెల్లం బువ్వ వండి, ఇస్తార్ల పెట్టుకొని నిచ్చెనకాడికి పోయింది. ఇయ్యాల దూరం నుంచి పెట్టుడు గాదు, మీదికెక్కి, ఎదురుంగ కూసోని అడుగాలె అనుకున్నది. పురాగ మీది మెట్టు దాంక ఎక్కింది.

ఎక్కి, దోనిలకు సూసి, అట్లనే నిలవడిపోయింది.

దోని నిండ పెంకల మీదికెల్లి జారిన ఇస్తార్లు. కొన్ని నల్లగ కుళ్లినయి, కొన్ని ఇంకా పచ్చగున్నయి, ఒకదాని మీదొకటి మూతికాడ అతుక్కపోయినయి. నడుమ గులకరాళ్లు. అన్నీ ఆమె ఏరి తెచ్చినయే. వాటెనుక దోని అంచు దాంక నీళ్లు నిలిసి, అంచు దాటి, సప్పుడు గాకుండ మట్టిగోడ నెత్తిల ఇంకి, లోలోపల అడుగు దాంక దిగుతున్నయి. కాకి ఒకటి వచ్చి ఆ నీళ్లళ్ల ముక్కు ముంచి తాగి, తల ఎత్తి ఆమె దిక్కు సూసింది.

"ఓరి నీ యవ్వ! నువ్వు నీళ్లకొచ్చేదా ఈడికి?" అన్నది అంజవ్వ.

బెల్లం బువ్వ పెంకల మీద పెట్టి, చెయ్యి దోనిల పెట్టి, ఒక పిడికెడు గుంజింది. ఇంకొక పిడికెడు గుంజింది. ఆకులు, రాళ్లు ఊడొచ్చినయి. వాటి కింద, మూతికి అడ్డంగ, చినిగిన ఎదురుబద్దల జల్లెడ ముక్క ఒకటి సుత్లితోని కట్టి ఉన్నది. చెత్త పోయి ఇరుక్కోకుండ కట్టిండన్నట్టు. ఆ ముడి రాజమల్లు ముడి. ఎడ్ల పగ్గానికి ఏసే ముడి. దాన్ని సూసినంక అప్పుడు యాదికొచ్చింది అంజవ్వకు. మిరుగం ముంగట ప్రతి యేడు కొడవలి నడుముకు చెక్కుకొని ఈ మనిషి మీదికెక్కేటోడు. ఎంత పిలిసినా దిగకపోయేటోడు. నా నోటికి జడిసి మీద దాక్కుంటున్నవా అని తాను కింద నిలవడి లొల్లి పెట్టేది. ఆయన నవ్వేటోడే గానీ, దోని తీస్తున్ననని ఒక్కనాడన్న చెప్పలేదు. ఈ యేడు మిరుగానికి ఎక్కే మనిషి లేకపాయె. ఎక్కాలని ఎవలికీ తెల్వకపాయె.

"చెప్పవైతివి గదయ్యా!" అనుకుంట ఆఖరి ఆకు గుంజింది. నీళ్లు భళ్లున వాకిట్లకు దుంకినయి. సప్పుడుకు గంగుబాయి ఉరికొచ్చింది, ముత్తన్న ఉరికొచ్చిండు. దోని మూతి కింద తడిసి, నోరు తెరిసి మీదికి సూసిండ్రు.

అర్ర కూలగొట్టలేదు. నెర్రెల మట్టి కుక్కి, గోడకు కర్ర ఆనిచ్చిండ్రు. ముత్తన్న బాపు కట్టినట్టే కొత్త జల్లెడ కట్టి, మిరుగం ముంగట ఒకసారి, ఆకురాలంగ ఇంకొకసారి నేనే ఎక్కుత అన్నడు. ఇస్తారి జాగ వాకిట్ల కట్టుగోడ మీదికి మారింది. పక్కన ముంతల నీళ్లు గుడ పెట్టిండ్రు. కాకి మొదట అలవాటుగ దోనికాడికే పోయింది. గాని తర్వాత మెల్లగ దిగొచ్చింది.

గోడ ఆరింది. అందరికీ సంబురమే. అంజవ్వ మాత్రం చెయ్యి ఆనిస్తనే ఉన్నది. పొడిగ తగులుతది. తగలంగనే ఏదో పోగొట్టుకున్నట్టు నిలవడిపోతది. అలిగిండని ఏడ్సింది, అలుగలేదని తెల్సింది. తెల్సినంక ఎందుకు ఏడుపొస్తున్నదో ఆమెకే సమజైతలేదు.

పెద్దలకు బియ్యమిచ్చే పెత్రామాస ముంగట ముత్తన్న సున్నం కలిపి, కుంచె పట్టుకొని అర్రలకొచ్చిండు. మరక మీద పెట్టబోతుంటే అంజవ్వ చెయ్యి పట్టుకున్నది.

"గదొక్కటి ఇడిసిపెట్టు."

"ఎందుకవ్వా? చెమ్మ పోయింది గదా?"

"ఆయన కాదని నాకు తెల్సురా" అన్నది అంజవ్వ. "గని ఇన్ని దినాలు ఆయననుకొని గా మరకతోనే మాట్లాడిన. ఇగ ఎవలితోని మాట్లాడాలె?"

ముత్తన్న కుంచె కింద పెట్టి తల్లి పక్కన కూసున్నడు.