సముద్రపు కసువు

పుట్టపర్తి ఆస్పత్రిలో తుంటికి ఆపరేషన్ చేయించుకుని ఈరక్క పెనుకొండకు తిరిగి వచ్చేదాకా, ఆమె మంచం ఎక్కడ వేయాలన్నది ఇంట్లో ఎవరూ ఆలోచించలేదు. లోపలి గదిలో ఉక్క. వంటింటి పక్కన చెమ్మ. చివరికి ముందుగదిలో, కిటికీకీ చేపల తొట్టికీ నడుమ వేశారు. అక్కడైతే గాలాడుతుంది, వీధిలో పోయేవాళ్లు కనబడతారు అన్నాడు కొడుకు హనుమంతప్ప. తొట్టి మాట ఆయన ఎత్తలేదు. ఆయన లెక్కలో అది కూతురి పిచ్చి.

కూతురు అశ్విని రోజూ బస్సులో హిందూపురం వెళ్లి, ఒక కళ్లద్దాల దుకాణంలో వచ్చినవాళ్ల చూపు పరీక్షిస్తుంది. బెంగళూరులో చదువుకునే రోజుల్లో ఎక్కడో ఒక గాజుతొట్టిలో నారింజరంగు మీద తెల్లచారల చేపల్ని చూసింది. ఆ దృశ్యం ఆమెను వదల్లేదు. ఉద్యోగం వచ్చాక ఫిల్టరు నీళ్లలో సముద్రపు ఉప్పు కలిపి, అడుగున తెల్లటి ఇసుక పరిచి, నాలుగు రాళ్లు పేర్చి, ముందుగదిలో తనకంటూ ఓ చిన్న సముద్రం కట్టుకుంది. అందులో రెండు చేపలు, ఒక రొయ్య, వేళ్లలా ఊగే మెత్తటి పగడాలు. బయట మే నెల ఎండకు వీధి తెల్లగా మండిపోతుంటే లోపల ఆ నీలం అలా కదులుతూ ఉండేది.

ఈరక్క మొన్నమొన్నటి దాకా కొండకింద గొర్రెల వెంట తిరిగిన మనిషి. వానకు నానిన బండ మీద కాలు జారి తుంటి విరిగాక, మందను పక్కవీధి కుళ్లాయప్పకు అప్పగించారు. మంచమెక్కిన కొత్తలో ఆమె ఎవరితోనూ పెద్దగా మాట్లాడలేదు. పైకప్పుకేసి చూస్తూ పడుకునేది. ఓ రోజు తల పక్కకు తిప్పితే, గాజు అవతల రెండు చేపలు తన ముఖానికి ఎదురుగా నిలబడి నోళ్లు తెరిచి మూస్తున్నాయి. ఆమె చాలాసేపు వాటినే చూసింది. సాయంత్రం అశ్విని వచ్చేసరికి, గొర్రెల్ని పిలిచినట్టు నాలుక తాటించి వాటిని పిలుస్తోంది.

అవ్వకు ఏదో ఒక పని ఉండాలని మేతడబ్బా ఆమె చేతికందేలా పెట్టింది అశ్విని. పొద్దున ఒక చిటికెడు చాలని చెప్పింది. ఆ చిటికెడు రెండయింది, మధ్యాహ్నానికి ఇంకొకటి చేరింది. ఎప్పుడు చూసినా చేపలు గాజు దగ్గరే. ఎప్పుడు చూసినా ఆకలిమీద ఉన్నట్టే. అవ్వ తన పళ్లెంలోంచి సంగటి మెతుకులు కూడా నీళ్లలోకి జారవిడుస్తోందని అశ్విని ఆలస్యంగా కనిపెట్టింది. ఇట్లా వేస్తే నీళ్లు పాడవుతాయని నెమ్మదిగా చెప్పి చూసింది.

"మూగజీవం నోరు తెర్సి మొగంకల్లా సూస్తాంటే, పెట్టకుండా యాడుండేకైతాది పాపా?" అంది అవ్వ.

నీళ్లు పాడవుతూనే వచ్చాయి. రాళ్లకు పచ్చటి నూగు పట్టింది. అది జుట్టులా పెరిగి, గాజునంతా కమ్మేసింది. నీళ్లలో మురికి ఎంతుందో చూడటానికి పరీక్షగొట్టంలో రెండు చుక్కల మందు వేసి ఊపితే పసుపురంగులో నిలవాల్సిన నీరు ఎర్రబడిపోయేది. ప్రతి ఆదివారం నీళ్లు మార్చినా మళ్లీ అదే ఎరుపు. పగడాలు ముడుచుకుని ఇక విప్పుకోలేదు. పచ్చటి మంచు వెనకాల ఎక్కడో నారింజరంగు మెదిలితే, చేపలు బతికే ఉన్నాయని తెలిసేది.

హనుమంతప్ప ఆర్టీసీ డిపోలో మెకానిక్. జబ్బు ఎక్కడుందో తెలిశాక చూస్తూ ఊరుకోవడం ఆయనకు చేతకాదు. మేతడబ్బా తీసి బీరువా మీద పెట్టేశాడు. ఆ రోజు నుంచి ఈరక్క గోడవైపు తిరిగి పడుకుంది. చేపలు మాత్రం ఆమె వీపుకు ఎదురుగా వచ్చి నిలబడి నోళ్లు తెరుస్తూనే ఉన్నాయి. ఆమె పళ్లెంలో అన్నం సగానికి సగం మిగిలిపోతుంటే అశ్వినికీ ముద్ద మింగబుద్ధి కాలేదు.

ధర్మవరంలో రేష్మ ఉంది. బెంగళూరులో అశ్వినితో ఒకే గదిలో ఉన్న అమ్మాయి. ఇప్పుడు పట్టుచీరల అంచులకు కంప్యూటర్ మీద డిజైన్లు గీస్తుంది. ఆమె ఇంటి మిద్దె మీది గదిలో ఇంతకంటే పెద్ద తొట్టి ఉంది. అశ్విని ఫోన్‌లో అంతా చెప్పుకుంది. రేష్మ విని, తిండి తగ్గించడం ఒక దారే గానీ అదొక్కటే దారి కాదంది. సముద్రంలో పెరిగే పాచి ఒకటుంది, ఆకుపచ్చ దారాల చిక్కులా ఉంటుంది. దాన్ని అద్దంలాంటి గొట్టంలో పెట్టి, చుట్టూ దీపాలు చుట్టి, తొట్టినీళ్లు అందులోంచి పారేలా చేస్తే, నీళ్లలో మిగిలిపోయిన మురికినంతా తిని అది పెరుగుతుంది. పెరిగిందాన్ని అప్పుడప్పుడు పిడికెడు తీసేస్తే ఆ మురికి కూడా దాంతోపాటే బయటికి పోతుంది. దాన్ని రియాక్టర్ అంటారని, అంగట్లో దొరికేవి ఇంత చిన్న తొట్టికి మరీ పెద్దవని, ఎవరికి వాళ్లు చేసుకోవచ్చని చెప్పింది.

అశ్వినికి ఆ రాత్రంతా కలలో పచ్చటి దారాలే. మర్నాడు హిందూపురంలో పని అయ్యాక, ఇళ్లలో వాటర్ ఫిల్టర్లకు తగిలించే పారదర్శకమైన గొట్టం ఒకటి, చిన్న నీళ్ల మోటారు, సన్నటి పైపు కొంది. దీపాల కోసం బసవరాజు అంగడికి వెళ్లింది. ఆయన పెళ్లిపందిళ్లకు సీరియల్ సెట్లు అమ్ముతాడు. గులాబీరంగూ నీలమూ కలిసిన ఎల్‌ఈడీ పట్టీ కావాలంటే, ఏం ఫంక్షన్ అమ్మా అని అడిగాడు. ఫంక్షన్ కాదు, పాచి పెంచాలంది. ఆయన ఆమె ముఖంలోకి ఓసారి చూసి, పట్టీ కొలిచి కత్తిరించి ఇచ్చాడు.

ఇంట్లో నేల మీద అన్నీ పరుచుకుని కూర్చుంది. కాల్చిన మేకుతో ప్లాస్టిక్ పైపుకు వరసగా చిల్లులు పొడిచింది. ఆ పైపు గొట్టం నడుమ నిలబడి, నీళ్లను వెనక్కి పంపుతూ పాచిని మాత్రం లోపలే ఆపాలి. గొట్టానికి దీపాల పట్టీ చుట్టి, వెలుగు బయటికి చెదిరిపోకుండా పైన అల్యూమినియం రేకు తొడిగింది. చూడటానికి ఒక వైపు సందు మాత్రం వదిలింది. హనుమంతప్ప డ్యూటీ దిగి వచ్చి, కుర్చీలో కూర్చుని చాలాసేపు ఊరికే చూశాడు. తర్వాత లేచి వచ్చి పైపు రెండో కొస పట్టుకున్నాడు.

ఆదివారం అశ్విని పాసింజర్ రైల్లో ధర్మవరం వెళ్లింది. రేష్మ తన తొట్టిలోంచి ఓ గుప్పెడు పాచి తీసి, ఉప్పునీళ్లతో సహా ప్లాస్టిక్ సంచిలో కట్టి ఇచ్చింది. తిరుగు రైల్లో కిటికీ పక్కన సీటు దొరికింది. ఒళ్లో సంచి చల్లగా ఉంది. బయట ఎర్రమట్టి, కంపచెట్లు, బండలు పేర్చినట్టున్న గుట్టలు. ఎండకు రెప్పలు వాలిపోతుంటే అశ్వినికి ఆ గుట్టలన్నీ నీళ్ల అడుగున ఉన్నట్టు తోచింది. రైలు కూడా నీళ్లలోనే పోతోంది. కంపచెట్లు ప్రవాహానికి ఊగుతున్నాయి. గుట్టల సందుల్లోంచి నారింజరంగు గుంపులు ఒక్కసారిగా మలుపు తిరుగుతున్నాయి. ఎక్కడా చప్పుడు లేదు. పెనుకొండ కొండ కనబడి, పక్కనామె భుజం తట్టేసరికి ఒళ్లో సంచి అలాగే ఉంది. దాన్ని పట్టుకున్న వేళ్లు చల్లబడి మొద్దుబారాయి.

ఆ సాయంత్రమే రియాక్టర్‌ను తొట్టి పక్కన నిలబెట్టి స్విచ్ వేశారు. నీళ్లు గొట్టంలోకి ఎక్కాయి. పచ్చటి చిక్కు నెమ్మదిగా విడివడి అటూ ఇటూ తిరిగింది. గోడంతా గులాబీరంగు పాకింది. ఈరక్క మాత్రం తిరిగి చూడలేదు.

తెల్లవారి లేచి చూస్తే మంచం కింద మడుగు. మూత దగ్గర నీళ్లు కారి, గొట్టం సగం ఖాళీ అయింది. నేల మీద ఆరినచోటల్లా ఉప్పు తెల్లగా పేరింది. తడి అందని సగం పాచి పాలిపోయి ఉంది. అశ్విని దాన్ని అరచేతిలో వేసుకుని కూర్చుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. నాయన ఏమంటాడో అనుకుంది. ఆయన మూత తీసుకుని వెలుతురులోకి పట్టి తిప్పి చూశాడు. లోపలి రబ్బరు రింగు ఒకచోట నలిగి మెలిపడింది. అట్లాంటిదే ఇంకొకటి తెచ్చి, గ్రీజు రాసి, మూతను ఆయనే బిగించాడు. అశ్విని పాలిపోయిన దారాలన్నీ ఏరేసింది. పచ్చగా మిగిలింది చిటికెడు. దాన్నే లోపల పెట్టి, సరిగ్గా ఉందో లేదోనని మాటిమాటికీ మూత తీసి చూడసాగింది.

"దాన్ని అట్ల పొద్దస్తమానం కదిలీకు పాపా. వొట్టిబయల్లో కసువు గూడా ఎవురూ సూడనప్పుడే లేస్తాది."

అవ్వ గోడవైపు నుంచి ఇటు తిరిగి ఉంది. గడ్డిని ఆమె కసువంటుంది. ఎన్నాళ్లకో విన్న మాట కాబట్టి అశ్విని వెంటనే చెయ్యి తీసేసింది.

తొట్టిలో దీపం ఆరే వేళకు గొట్టంలో దీపం వెలిగేది. పొద్దు పొడిచేదాకా ముందుగది తామరరేకు లోపల ఉన్నట్టుండేది. అశ్విని తెల్లవారుజామున లేచి వచ్చేసరికి, ఆ రంగు ముఖం మీద పడుతూ ఉండగా అవ్వ మెలకువగా పడుకుని సందులోంచి గొట్టంలోకి చూస్తూ కనబడేది. ముడతల మీద నీళ్ల నీడలు పారుతుండేవి. ఒకరోజు ఆమె అడిగింది.

"మేస్తాండాదా అది?"

"మేస్తాండాది అవ్వా. నీళ్లల్లో మిగిలిందంతా అదే తింటాది."

"అట్లయితే నా డబ్బా నాకీ."

అశ్విని స్టూలు ఎక్కి బీరువా మీంచి డబ్బా దించి ఇచ్చింది. హనుమంతప్ప చొక్కా గుండీలు పెట్టుకుంటూ చూసి డ్యూటీకి బయల్దేరాడు. సంగటి మాత్రం వద్దని ఒట్టు వేయించుకుంది అశ్విని. ఈరక్క ఒట్టయితే వేసింది.

పాచి పెరిగింది. మొదట కనీకనబడనట్టు, తర్వాత పొద్దుకూ పొద్దుకూ తేడా తెలిసేటట్టు. పరీక్షగొట్టంలో ఎరుపు తగ్గి నారింజ అయింది, నారింజ పలచబడి పసుపు అయింది. రాళ్ల మీది నూగు దానంతట అదే ఊడిపోయింది. ఒక మధ్యాహ్నం పగడాలు ఒక్కొక్క వేలే విప్పుకున్నాయి. అది చూసింది ఈరక్క ఒక్కతే. సాయంత్రం మనవరాలికి చేతివేళ్లతో చేసి చూపించింది.

గొట్టం నిండిపోయాక సగం తీసేయాల్సి వచ్చింది. అశ్విని తడి పాచిని గిన్నెలో వేసుకుని పెరట్లోకి పోతుంటే అవ్వ ఆపింది.

"యాడికి పోతాండావు? కసువు పారేసేకా?"

ఆ మాట అంటూనే ఆమె మంచం పట్టె పట్టుకుని, ఎవరి సాయమూ లేకుండా లేచి కూర్చుంది. గిన్నె ఒళ్లో పెట్టించుకుని, పాచిని వేళ్లతో విడదీసి వాసన చూసింది. ఉప్పంటే గొర్రెలకు ప్రాణమని, కుళ్లాయప్ప మంద ఈ వీధినే పోతుందని, వాటికి పెడదామని అంది. అశ్విని దాన్ని మంచినీళ్లలో ఒకసారి జాడించింది. అంతలో వీధి మలుపులో గొర్రెల అరుపులు వినిపించాయి. ఈరక్క వాకర్ పట్టుకుని, ఒక్కొక్క అడుగే వేసుకుంటూ గడప దాకా వచ్చింది. ఆపరేషన్ అయ్యాక ఆమె గడప చూడటం అదే మొదలు. హనుమంతప్ప వెనకాల కుర్చీ పట్టుకుని నడిచాడు.

మందలోంచి ఒక ముసలి గొర్రె ఆగి తలెత్తింది. ఈరక్క నాలుక తాటించింది. అది నేరుగా గడప దగ్గరికి వచ్చి, ఆమె చేతిలోది వాసన చూసి, పచ్చటి దారాల్ని నములుకుంటూ నిలబడిపోయింది. దాని వెనకే ఇంకో నాలుగు వచ్చాయి. ఏం పెడుతున్నావని కుళ్లాయప్ప అడిగాడు.

"సముద్రంలో కసువప్పా," అంది ఈరక్క.

ఆయన నవ్వాడు. గొర్రె నోట్లోంచి వేలాడుతున్నదాన్ని వంగి చూశాక నవ్వు ఆపేశాడు. ఆ తర్వాత పాచి తీసినప్పుడల్లా మంద ఆ గడప ముందు ఆగడం మామూలైంది.

శ్రావణం వచ్చేసరికి ఈరక్క వాకర్ వదిలి చేతికర్రతో తిరుగుతోంది. ఒక పొద్దున అశ్విని హిందూపురం బస్సుకు తయారై చెప్పులు వేసుకుంటుండగా లోపలి నుంచి పిలిచింది. అవ్వ గాజుకు ముక్కు ఆనించి నిలబడి ఉంది.

"ఈడ సూడు పాపా. చుక్క ఒగటుండాది."

అశ్వినికి మొదట ఏమీ కనబడలేదు. అవ్వ వేలు పెట్టి చూపిస్తే, గాజుకు లోపలివైపు బియ్యపుగింజంత తెల్లటి నక్షత్రం, ఒక బుల్లి నక్షత్రచేప. దాని కాళ్లు ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. ధర్మవరం నుంచి తెచ్చిన పాచి చిక్కులో దాక్కుని వచ్చి ఉంటుంది. ఇన్నాళ్లూ ఆ గులాబీ వెలుగులో ఎక్కడో పెరిగి, పైపు చిల్లుల్లోంచి తొట్టిలోకి దిగింది. అది ఉన్నచోటే ఉన్నట్టుంది గానీ, రెప్ప వేయకుండా చూస్తే కదులుతోంది. హనుమంతప్ప కూడా కళ్లద్దాలు వెతుక్కుని వచ్చి వంగాడు. యాడ, యాడ అని అడిగి, కనబడ్డాక కళ్లద్దాలు సర్దుకుని ఇంకా దగ్గరికి జరిగాడు.

వీధి చివర బస్సు హారన్ కొట్టింది. అశ్విని విన్నది. తర్వాతి బస్సుకు పోవచ్చులే అనుకుని, చెప్పులు విప్పి అవ్వ పక్కన కూర్చుంది.