ఇష్టపూర్వకంగా

ప్రొడక్షన్ మేనేజర్ నవ్వుతూ వచ్చి కాగితం బల్ల మీద పెట్టాడు. ఆయనకి ఏం చెప్పేటప్పుడైనా ఆ నవ్వు చెరగదు. మనిషిని పనిలోంచి తీసేసే రోజున కూడా అదే నవ్వు. అందుకే మందు సీసాల మూతలు చేసే ఆ ఫ్యాక్టరీలో అందరూ చాటుగా ఆయన్ని నవ్వులసారు అంటారు.

బల్ల వెనక కూర్చున్నావిడకీ ఒక పేరుంది, కిటికీ మేడం. సిబ్బంది వ్యవహారాలన్నీ ఆవిడ చేతిలోవే. ఆ గది కిటికీ మెషిన్ల హాల్లోకి తెరుచుకుంటుంది. టీ వేళయితే చాలు, తలలు వరసకడతాయి. "మేడం, జ్వరానికి సెలవు పెడితే పెళ్ళి సెలవులోంచి కోస్తారా?" "మేడం, సూపర్‌వైజర్ నోటితో పొమ్మంటే పోవాలా, కాగితం ఇవ్వాలా?" పదకొండేళ్ళుగా విసుక్కోకుండా జవాబు చెబుతూనే ఉంది.

"ఒక్క సంతకం తీసుకోండి మేడం. ఆడవాళ్ళకి ఆడవాళ్ళు చెబితేనే ఎక్కుతుంది," అన్నాడు నవ్వులసారు.

ఆవిడ చదివింది. 'నా వ్యక్తిగత కారణాల వల్ల, ఎవరి ఒత్తిడీ లేకుండా, ఇష్టపూర్వకంగా రాజీనామా చేస్తున్నాను.' కింద నాలుగో మెషిన్ ఆపరేటర్ పేరు.

నాలుగో మెషిన్ పిల్లకి అయిదో నెల. ఇంతకుముందు రెండుసార్లు నిలవలేదు. ఎనిమిది గంటలు నిలబడి పనిచేయకూడదని డాక్టర్ రాసిచ్చిన చీటీ నిన్ననే కిటికీలోంచి ఇచ్చి, "కాన్పయ్యేదాకా చెకింగ్ టేబుల్ దగ్గర కూర్చోనిస్తారా మేడం?" అని అడిగింది. ఇవ్వాలని చట్టంలోనే ఉంది. ఆ మాటే చీటీ మీద రాసి, మేడం పైకి పంపింది. దానికి జవాబుగా ఈ కాగితం దిగింది.

"సార్, కడుపుతో ఉన్న మనిషిని ఆ కారణంగా తీయకూడదు. కూర్చునే పని ఇవ్వాలి. చెకింగ్‌లో రెండు కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి."

"తీసేస్తున్నామని ఎవరన్నారు? తనే పోతోంది."

"అయితే తననే రాసుకోమనండి. నేను మాత్రం సంతకం అడగను."

ఆయన నవ్వుతూనే కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "మీకేంటి మేడం ఇవాళ కొత్తగా?"

ఆ 'కొత్తగా' అన్న మాట ఆవిడకి చెంప పగిలినట్టు తగిలింది. మూడేళ్ళ క్రితం ఇదే బల్ల ముందు రెండో మెషిన్ ఆవిడ కూర్చుంది, ఆరో నెల కడుపుతో. ఆ రోజు సంతకం తీసుకున్నది తనే. "కాన్పయ్యాక మళ్ళీ తీసుకుంటాంలే అమ్మా, నాదీ పూచీ," అన్నది కూడా తనే. చంటిబిడ్డని భుజాన వేసుకుని ఆమె తిరిగొచ్చిన రోజు గేటు దగ్గర్నుంచి ఫోనొస్తే, "ఖాళీల్లేవని చెప్పు," అని పెట్టేసింది. ఆ తర్వాత చాలాకాలం ఆ సంగతి తలుచుకోకుండా జాగ్రత్తపడింది. పైనుంచి ఆర్డరొచ్చింది, నేనేం చేయను అని తనకి తనే సర్దిచెప్పుకుంది.

మర్నాడు టీ వేళకి నాలుగో మెషిన్ పిల్ల కిటికీ దగ్గరికొచ్చింది. కళ్ళు తుడుచుకుని, ఎలాగో నవ్వు తెచ్చుకుంది.

"థాంక్స్ మేడం. ఇందాకే కేబిన్‌లో సంతకం పెట్టేశాను. కాన్పయ్యాక మీరే దగ్గరుండి మళ్ళీ తీసుకుంటారని సారు చెప్పారు. మీరు పూచీ ఉంటానన్నారటగా. మీ మాట మీదే పెట్టాను మేడం, లేకపోతే చచ్చినా పెట్టేదాన్ని కాదు."

మేడంకి అరికాలి మంట నెత్తికెక్కింది. మూడేళ్ళనాటి తన అబద్ధాన్ని తనకి చెప్పకుండా మళ్ళీ తన పేరుతోనే అమ్మాడు! కుర్చీ వెనక్కి తోసి లేచిన ఊపుకి బల్లమీది ఫైళ్ళు నేల మీద పడ్డాయి. ఏరలేదు.

నవ్వులసారు కేబిన్ తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది. "నా పేరెందుకు వాడారు?"

"కూర్చోండి మేడం..."

"కూర్చోను. నేనెప్పుడు పూచీ ఉన్నాను? నా నోటితో మీకెప్పుడు చెప్పాను?"

"మూడేళ్ళ కింద చెప్పారుగా," అన్నాడు తాపీగా. "ఆ మాటలే చెప్పాను. అప్పుడు లేని నీతి ఇప్పుడెక్కడ మొలిచింది మీకు?"

"అప్పుడు నాకు సిగ్గులేదు. అందుకే ఇన్నాళ్ళు మీకు పనికొచ్చాను," అంది ఆవిడ. "ఆ కాగితం వెనక్కిచ్చేయండి."

"హెడ్డాఫీసుకి వెళ్ళిపోయింది."

మొదటిసారి ఆయన ముఖాన నవ్వు కాస్త వంకరపోయింది. ఆవిడకి అది చాల్లేదు. తలుపు దభాలున వేసి బయటికొచ్చేసింది.

నాలుగో మెషిన్ పిల్లని లోపలికి పిలిచి, కుర్చీలో కూర్చోబెట్టి, ఉన్నదున్నట్టు చెప్పింది. తనకేమీ తెలియదనీ, పూచీ అన్నది అబద్ధమనీ చెప్పింది. ఆ పిల్ల ముఖం పాలిపోయింది. "మరి ఇప్పుడెలా మేడం? మా ఆయనకి ఏం చెప్పను?"

"ఏడవకు. ఇంకా ఎవరూ ఆమోదించలేదు. రాజీనామా వెనక్కి తీసుకుంటున్నానని ఇప్పుడే నీ చేత్తో రాయి. నీకెలా వస్తే అలా రాయి."

ఆ పిల్ల వంకరటింకర అక్షరాలతో నాలుగు వాక్యాలు రాసింది. మేడం వాటి మీద తేదీ, సమయం వేసి, ఆఫీసుకి అందినట్టు ఇన్‌వర్డ్ ముద్ర కొట్టి, ఒక కాపీ ఆ పిల్ల చేతిలో పెట్టింది. ఆ సాయంత్రమే ఇద్దరూ లేబర్ ఆఫీసుకి వెళ్ళి ఫిర్యాదు ఇచ్చారు.

ఇంట్లో భర్తకి చెబితే, ఆయన కత్తిరిస్తున్న బట్ట పక్కన పెట్టాడు. దర్జీ పని ఆయనది. "నీ ఉద్యోగానికి ఎసరు పెడతారే," అన్నాడు.

"పెట్టనీ."

"ఎవరి మీద ఇంత కోపం నీకు?"

మర్నాడు ఆవిడ సెలవు పెట్టి, పాత ఫైల్లోంచి చిరునామా రాసుకుని, రెండో మెషిన్ ఆవిడని వెతుక్కుంటూ వెళ్ళింది.

ఆమె ఇప్పుడు ఒక బడిలో గదులు ఊడుస్తోంది. వరండాలో చీపురు పట్టుకుని నిలబడే ఉంది, రమ్మనలేదు, కూర్చోమనలేదు. మేడం వచ్చిన పని చెప్పింది. సాక్ష్యం కావాలంది.

"ఆహా, ఇప్పుడు గుర్తొచ్చానా?" అందామె. "గేటు బయట ఎండలో గంటన్నర నిలబడ్డాను. పిల్లది గుక్కపట్టి ఏడుస్తోంది. గేటువాడు జాలిపడి నీళ్ళిచ్చాడు. నీ కిటికీలోంచి చూస్తే హాలు తలుపు అవతల గేటు దగ్గర నేను కనబడతాను. నువ్వు తలైనా ఎత్తలేదు. మేడం మేడం అని నీ చుట్టూ తిరిగానే! నీకు నోరెలా వచ్చింది?"

మేడం తల దించుకోలేదు. దించుకుంటే అదో నటనలా ఉంటుందనిపించింది. "రాకూడదు. కానీ వచ్చింది," అంది.

ఆమె చీపురు గోడకేసి కొట్టింది. వరండా చివరున్న టీచర్ తిరిగి చూసింది.

"నీ కోసమైతే రాను," అందామె చివరికి. "ఆ పిల్ల కోసం వస్తాను. ఎప్పుడో చెప్పు."

విచారణ రోజున ఇరుకు గదిలో అందరూ మోకాళ్ళు తగిలేలా కూర్చున్నారు. నవ్వులసారు ఎప్పటిలాగే నవ్వుతూ, "తనే ఇష్టపడి రాసిచ్చింది సార్," అన్నాడు. రెండో మెషిన్ ఆవిడ తన పాత రాజీనామా కాపీ తెచ్చింది. లేబర్ ఆఫీసర్ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, కళ్ళజోడు సవరించుకున్నాడు. మాటకి మాట ఒకటే. కామా కూడా తేడా లేదు.

"ఇద్దరు మనుషులు మూడేళ్ళ తేడాతో ఒకే ఇష్టాన్ని ఒకే మాటల్లో ఎలా రాశారండీ?"

నవ్వులసారు మేడం వైపు తిరిగాడు.

"ఆ మాటలు నావి సార్," అంది మేడం. "మొదటి కాగితం నేనే తయారుచేశాను. ఇష్టపూర్వకంగా అన్న మాట కూడా నేనే పెట్టాను. రెండోది నా కంప్యూటర్లో ఉన్న దానికి నకలు. ఇద్దరిలో ఎవరికీ ఇష్టం లేదు."

ఆఫీసర్‌ని అదంతా రాసుకోమంది. కింద సంతకం పెట్టింది.

పది రోజుల్లో ఆదేశం వచ్చింది. నాలుగో మెషిన్ పిల్ల ఉద్యోగం ఉద్యోగంలాగే ఉంది, కాన్పయ్యేదాకా చెకింగ్ టేబుల్ దగ్గర కుర్చీ. మేడంకీ ఒక కాగితం వచ్చింది, సంస్థ రహస్యాలు బయటపెట్టినందుకు సంజాయిషీ ఇమ్మని. దానితోపాటు గోడౌన్‌కి బదిలీ. అక్కడ కిటికీ లేదు. నవ్వులసారు మాత్రం తన కేబిన్‌లో తానున్నాడు. అది తలుచుకున్నప్పుడల్లా ఆవిడకి ఒళ్ళు మండుతూనే ఉంది.

ఆదేశం కాపీ తీసుకోవడానికి వెళ్ళిన రోజున, లేబర్ ఆఫీసు మెట్ల మీద రెండో మెషిన్ ఆవిడ కనిపించింది.

"నా సంగతి అడిగాను," అంది ఎటో చూస్తూ. "గడువు దాటిపోయిందట. ఆలస్యానికి సరైన కారణం చూపిస్తూ అర్జీ పెట్టుకుంటే చూస్తారట. చూస్తారన్న నమ్మకం నాకు లేదు."

"నాకూ పెద్దగా లేదు," అంది మేడం. "అయినా పెడదాం."

"నువ్వు రాస్తావా?"

"రాస్తాను."

"రాయి మరి. నిన్ను క్షమించాననుకోకు."

"అనుకోను."

ఇద్దరూ మెట్ల మీదే కూర్చున్నారు. వచ్చేపోయేవాళ్ళు వాళ్ళని చుట్టుతిరిగి ఎక్కుతూ దిగుతున్నారు. మేడం అర్జీ ఫారం ఒడిలో పెట్టుకుని, ఆమె పేరు, చేరిన తేదీ, మానిపించిన తేదీ నింపింది. ఆలస్యానికి కారణం అన్నచోట తన పూర్తి పేరూ, అప్పటి హోదా రాసింది. ఆ తర్వాత, "ఈమెకి అబద్ధం చెప్పి పంపించింది," అని రాసి, ఆమెకి చదివి వినిపించింది.

"ఇంకా రాయి," అందామె. "గేటు దగ్గర సంగతి కూడా రాయి."

మేడం కాగితం తిప్పి, వెనకవైపు రాయడం మొదలుపెట్టింది.