ఊపిరి వదలని వెంకటరాజు

వెంకటరాజుకి నీళ్ళంటే లెక్కలేదు. కోటిపల్లి రేవులో మునిగితే రెండు నిమిషాలదాకా తేలేవాడు కాదు. పడవలో జనం గోలెత్తిపోతుంటే అవతలి పక్కన లేచి తాపీగా మీసం పిండుకునేవాడు. అలాంటి మనిషిని ఓ కంపెనీ దుబాయ్ తీసుకొచ్చి పదకొండేళ్ళు జెబెల్ అలీ గోడౌన్లో పెట్టెలు మోయించింది. బకెట్లో నీళ్ళు తప్ప మరో నీళ్ళు ఎరగడు పాపం.

ఈ మధ్య కంపెనీకి డ్యాముల అడుగున పేరుకున్న నాచూ చెత్తా తీసే పని దొరికింది. సిలిండర్ కట్టుకుని దిగేవాళ్ళు కావాలన్నారు. అందరికంటే ముందు చెయ్యెత్తింది మనవాడే. పరీక్ష నెగ్గితే గోడౌన్ ఖలాస్, రోజూ నీళ్ళలోనే పని. పోతే మళ్ళీ పెట్టెలే. జన్మలో దేనికీ అంత ఆశపడలేదతను.

జనవరి పొద్దున. హత్తా కొండల్లో డ్యామ్ చెరువు. నేర్పేది అజ్రా, నెల్లూరు పిల్ల, మొహమాటం లేని మనిషి.

"పది నిమిషాలు అడుగున కూర్చోవాలన్నా. ఒకటే రూలు, ఊపిరి బిగబట్టబాక. లోపలి గాలి పైకొచ్చేకొద్దీ ఉబ్బి ఊపిరితిత్తులు చిరిగిపోతాయి."

"ఆయ్, అలాగేనమ్మా."

అన్నంత తేలికా? మంచులాంటి నీళ్ళు మెడ దగ్గర సూట్లోకి దూరి వెన్ను మీదుగా జారేసరికి ప్రాణం ఝల్లుమంది. అంతే, అలవాటు కొద్దీ రొమ్ము నిండా పీల్చి బిగించేశాడు. వీపున సిలిండరుండి ఏం లాభం? బుడగలు ఆగిపోయాయి. బెండులా తేలిపోతుంటే అజ్రా పట్టీ పట్టుకుని ఆపింది. రెండోసారీ అదే తంతు.

గట్టు మీద గోడౌన్ ముదీర్, అదే మేనేజరు, అనీష్ పరీక్ష కాయితం పట్టుకుని నవ్వుతున్నాడు. "ఏం రాజూ, రేపు డ్యూటీకి వచ్చేస్తావా?"

వెంకటరాజుకి ఏడుపొక్కటే తక్కువ. "నేను బిగబట్టట్లేదమ్మా, దానంతటదే బిగుసుకుపోతోంది."

"ఇదే ఆఖరు. ఈసారి బుడగలు ఆగితే నేనే పనికిరావని రాసేస్తా. లోపల మాట్లాడతా ఉండు."

"ఎవరితోనండి?"

"నీకెవరి మీద కోపముందో వాళ్ళతో."

ఇంకేముంది, దొరికాడు అనీష్. గొట్టం పళ్ళ మధ్య బిగించి, దిగుతూనే మొదలెట్టాడు. ఎండలో నిలబెట్టిన రోజులు, ఇవ్వని సెలవులు, నడుం పట్టేసినా నాటకమన్న మాట. పదకొండేళ్ళ తిట్లన్నీ బుడబుడమంటూ పైకెళ్ళాయి. తిట్టడానికి పీల్చాలి, పీల్చింది తిట్టుగా వదలాలి. అడుగున మట్టిలో మోకాళ్ళానేసరికి తిట్లు అయిపోయాయి. ఊపిరి మాత్రం ఆడుతూనే ఉంది. చలి అలవాటైంది. పచ్చటి వెలుగులో చిన్న చిన్న చేపలు అతని చేతివేళ్ళ చుట్టూ తిరుగుతున్నాయి. ఒకనాడు నీళ్ళలో ఎంతసేపున్నా ధ్యాసంతా పైకెప్పుడు వెళ్ళాలా అనే ఉండేది. ఇప్పుడా తొందర లేదు. అతనికి ఎంత హాయనిపించిందంటే, కూర్చున్నచోటే నవ్వొచ్చేసింది.

అజ్రా పైకి పోదామని బొటనవేలు చూపించింది. వెంకటరాజు తల అడ్డంగా ఊపాడు. సిలిండర్ మీటరు ముల్లు చూపించి, గాలుందిగా అన్నట్టు రెండు వేళ్ళెత్తాడు, ఇంకో రెండు నిమిషాలని. ఆ పిల్ల సరేనని పక్కనే కూర్చుంది.

గట్టెక్కాక భయం భయంగా అడిగాడు. "నెగ్గానా అమ్మా?"

అజ్రా అనీష్ చేతిలోంచి కాయితం లాక్కుని సంతకం పెట్టింది. "ఊపిరి బిగబట్టినోడు ఎవడైనా ఇంకాసేపుంటానని అడుగుతాడా అన్నా?"