వాళ్ళ మాట మేం చెప్పిన రోజు

ఇళ్ళు కూల్చే యంత్రాన్ని ఒంటిచేత్తో ఆపిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇదిగో, మీ ఎదురుగానే కూర్చున్నాను, తనివితీరా చూసుకోండి. షిఫ్టు దిగి వచ్చిన తమ్ముళ్ళూ, పుస్తకాల సంచులతో వచ్చిన పిల్లలూ, కాస్త ముందుకు జరగండి. వయసులో ఉన్నప్పుడు నేను దగ్గితే పొరుగూళ్ళో కుక్కలు లేచేవి. ఇప్పుడు అరిచినా మా ఇంట్లో పిల్లి కదలడం లేదు.

రైలుకట్ట కింద ఒక పేట ఉంది. పేటకు ఎదురుగా రోడ్డు దాటితే మా ధర్మసంస్థ. పేట పిల్లలకు చదువు, జబ్బుపడ్డవాళ్ళకు మందులు, ముసలివాళ్ళకు మధ్యాహ్నం భోజనం, ఇదీ మా పని. నేను భోజనాల వ్యాను డ్రైవర్ని. ఆ రోజు వ్యాను తోలుకుని వెళ్ళేసరికి మున్సిపాలిటీవాళ్ళు ఎర్రరంగు డబ్బా పట్టుకుని గుమ్మం గుమ్మానికీ గుర్తులు పెడుతున్నారు. కుట్టుపిన్ని గుమ్మంలోనే మిషను వేసుకుని కుడుతుంది. లేచేదాకా కూడా ఆగలేదు వాళ్ళు. తలుపు మీద కొట్టిన రంగు ఆమె మిషను మీదికీ, ఒళ్ళో ఉన్న ఎవరిదో కొత్త చొక్కా మీదికీ కారింది.

ఆమె ఆ చొక్కానే చూస్తూ, "మమ్మల్ని ఎవరడిగారు?" అంది.

"అడిగాం. విచారణ జరిగింది. మీరే ఒప్పుకున్నారు" అని ఆఫీసరు ఫోను తీసి చూపించాడు.

పేటంతా ఫోను మీదికి వంగింది. అందులో ఒక ఆడమనిషి అతుకుల శాలువా తల మీంచి కప్పుకుని, దగ్గి దగ్గి, ఈ మురికిలో ఇంకెన్నాళ్ళు బాబూ, మీరెక్కడికి పంపితే అక్కడికే పోతాం అంటోంది. జనం ముందు నవ్వారు. దగ్గు అచ్చం పిన్నిదే మరి. తరవాత ఆ నవ్వు దానంతటదే ఆగిపోయింది.

"అది నా శాలువా" అంది పిన్ని.

శాలువా ఎవరికి ఎరువిచ్చిందో అందరికీ తెలుసు. మా పంతులమ్మ అప్పుడే పిల్లలకు పలకలు పంచుతోంది. చేతిలో పలక చేతిలోనే ఉంచుకుని గోడకు ఆనుకుపోయింది. నేనైతే వ్యాను వెనక్కి పోయి, నిండుగా గాలి ఉన్న టైరును తన్ని తన్ని చూస్తున్నాను. ఎందుకంటే ఆ ఫోనులో ఇంకాసేపటికి నేనూ వస్తాను.

జరిగిందేమిటంటే, మా సంస్థవాళ్ళకు ఒక రోజు శిక్షణ పెట్టారు. ప్రభుత్వ విధానాలు ఎలా తయారవుతాయి, సేవాసంస్థల్లో పనిచేసేవాళ్ళు అందులో ఎలా పాలుపంచుకోవాలి అని. ఖర్చంతా ఒక గోడౌన్ల కాంట్రాక్టరు పెట్టుకున్నాడు. ఆయనకు మా చదువు మీద అంత బెంగ ఎందుకు పుట్టిందో మాలో ఒక్కరూ అడగలేదు. బిస్కట్లు అంత బాగున్నాయి. శిక్షణ ఇచ్చినాయన చెప్పినవి మంచి మాటలే. ఏ విధానమైనా, దాని దెబ్బ ఎవరికి తగులుతుందో వాళ్ళని అడగకుండా చెయ్యకూడదన్నాడు. అలా అడగడాన్నే బహిరంగ విచారణ అంటారన్నాడు. బుద్ధిగా రాసుకున్నాం. మధ్యాహ్నం, నేర్చుకున్నది ఒకసారి చేసి చూడండని ఉత్తుత్తి విచారణ పెట్టించాడు. విషయం, కట్ట కింది పేటను ఊరి బయటికి మార్చడం.

నాకు కమిషనర్ వేషం. కోటు ఎవరిదో గాని నా బొజ్జ మీద బొత్తాలు కలవలేదు. నర్సు ఆరోగ్యశాఖ, వంటాయన పత్రికల మనిషి. పేటవాళ్ళ తరఫున పంతులమ్మ.

పేట రోడ్డుకు అవతలే ఉంది. పిన్ని మిషను చప్పుడు కిటికీలోంచి వినబడుతూనే ఉంది. వాళ్ళనే ఒక కేక వేస్తే పోలా అని ఎవరికీ తోచలేదు. ఏళ్ళ తరబడి వాళ్ళకు అన్నం పెడుతున్నాం, వాళ్ళేమంటారో మనకు తెలీదా అనుకున్నాం. పంతులమ్మ దగ్గుతూ మాట్లాడుతుంటే కొందరికి కళ్ళు చెమర్చాయి. నేను గరిటెతో బల్ల గుద్ది, ప్రజలు సమ్మతించారు అని తీర్పిచ్చాను. చప్పట్లే చప్పట్లు. కాంట్రాక్టరు మనిషి మూల నిలబడి, గుర్తుగా ఉంటుందని అంతా ఫోనులో తీసుకున్నాడు. పేట స్థలంలో గోడౌన్లు కట్టాలని చూస్తున్న కాంట్రాక్టరు దాన్నే అసలు విచారణ అని మున్సిపాలిటీకి ఇచ్చాడు.

రంగు కొట్టిన సాయంత్రం పేటంతా కొళాయి దగ్గర చేరింది. పంతులమ్మ వెళ్తానంది. నేను తోడు వెళ్ళాను. తోడన్నది మాట వరసకే, ఆమె వెనక నక్కి నడిచాను. మమ్మల్ని చూసి ఒక కుర్రాడు, "ధర్మప్రభువులు వచ్చారు, జరగండర్రా. మన ఏడుపు కూడా వాళ్ళే ఏడ్చిపెడతారు" అన్నాడు.

పంతులమ్మ నిలబడే చెప్పింది. "పిన్నీ, కాంట్రాక్టరు మోసం చేశాడని చెప్పి నేను తప్పుకోవచ్చు. కానీ ఆ మాటలు నాకెవరూ రాసివ్వలేదు. ఊరి బయట పక్కా ఇళ్ళిస్తే మీకు మంచిదేగా అని నాకే అనిపించింది. నా మనసులో ఉన్నదే మీ గొంతుతో అన్నాను."

"ఊరి బయట నా దగ్గరికి ఎవరొచ్చి కుట్టించుకుంటారో ఆలోచించావా?"

"లేదు."

పంతులమ్మ కళ్ళు నిండాయి. పిన్ని ముఖం తిప్పుకుంది. "ఏడవకు. నువ్వేడిస్తే లేచి నీళ్ళివ్వాల్సింది మళ్ళీ నేనే. అక్కడ నీకు నేర్పిందేదో మాకు చెప్పు."

చెప్పింది. దెబ్బ తినేవాళ్ళు లేకుండా జరిగిన విచారణ చెల్లదని, చెల్లదని తేలాలంటే ఆ రోజు మాట్లాడినవాళ్ళే నలుగురిలో నిలబడి మేం ఈ పేటవాళ్ళం కాదని ఒప్పుకోవాలని, ఒప్పుకుంటే వేరేవాళ్ళ పేరుతో మాట్లాడినందుకు తమ మీద కేసు పడుతుందని చెప్పింది. కుర్రాళ్ళు వినలేదు. కాగితాలతో పనేంటి, రాళ్ళున్నాయి కదా అన్నారు. రాయి వేస్తే వాళ్ళకి కావలసిన సాకు దొరుకుతుందని ముసలివాళ్ళన్నారు. మాటా మాటా పెరిగింది. చివరికి పిన్ని తేల్చింది. పేట మొత్తం యంత్రానికి అడ్డంగా కూర్చోవాలి, సంస్థవాళ్ళు నిలబడి నిజం చెప్పాలి.

మర్నాడు మా సంస్థ పెద్దసారు మమ్మల్ని గదిలోకి పిలిచాడు. కాంట్రాక్టరు చందా ఆగితే మధ్యాహ్నం భోజనం ఆగుతుందన్నాడు. మనది సేవ, రాజకీయం కాదన్నాడు. వంటాయన పొయ్యితో తప్ప మనుషులతో మాట్లాడడు. ఆయన మెల్లగా, "అయ్యా, ఇళ్ళే లేకపోతే ఈ అన్నం ఎవరి గుమ్మంలో దించమంటారు?" అని అడిగి, నడుముకు కట్టుకున్న గుడ్డ విప్పి బల్ల మీద పెట్టాడు. నర్సు మాత్రం తల దించుకుని, ఇంట్లో మంచం పట్టిన అమ్మ ఉంది, నేను రాలేనంది. ఆమెను ఏమీ అనకండి. ఆ రోజు నాకూ అలాంటి కారణం ఒకటి ఉంటే నేనూ తప్పించుకునేవాణ్ణి.

యంత్రం వచ్చింది. పేట పేటంతా రోడ్డు మీద కూర్చుంది. ఇక నా ఒంటిచేతి సంగతి. ఆ చెయ్యి ఆ సమయంలో వ్యాను తలుపు సందులో ఇరుక్కుని ఉంది. కంగారులో నేనే వేసుకున్నాను. యంత్రాన్ని ఆపింది కూర్చున్నవాళ్ళు. నేను ఆపింది నా కేక ఒక్కటే, అదీ సగమే ఆగింది.

పంతులమ్మ అందరి ముందుకూ వెళ్ళి, ఆ ఫోనులో ఉన్నది నేను, నాది ఈ పేట కాదు, ఈ పేట తరఫున మాట్లాడే హక్కు నాకు లేదు అని గట్టిగా చెప్పింది. వంటాయనా అదే చెప్పాడు. యంత్రంతో వచ్చిన పోలీసు ఇన్‌స్పెక్టరు నా వైపు తిరిగి నువ్వెవడివన్నాడు. కమిషనర్ని సార్, ఉత్తుత్తి కమిషనర్ని అన్నాను. వేరేవాళ్ళ పేరు చెప్పుకుని మోసం చేసినందుకు ముగ్గుర్నీ తమ వ్యాను ఎక్కించమన్నాడు.

అప్పుడు పిన్ని లేచింది. ఆఫీసరుతో పోట్లాడలేదు, అడిగింది. "ఆ ఫోనులో ఉన్నది నేనైతే ఈ పిల్లను ఎందుకు పట్టుకెళ్తున్నారు? అది నేను కాకపోతే మా ఇళ్ళు ఎవరు ఒప్పుకుంటే కూలుస్తున్నారు?"

ఆఫీసరు ఇన్‌స్పెక్టరును చూశాడు. ఇన్‌స్పెక్టరు రోడ్డును చూశాడు. పిన్ని మళ్ళీ కూర్చుని, "విచారణేగా కావాలి. ఇక్కడే పెట్టండి, మేమే మాట్లాడతాం" అంది. యంత్రం డ్రైవరు ఇంజను ఆపేసి, కిందికి దిగి, జనం మధ్య వచ్చి కూర్చున్నాడు. మమ్మల్ని పోలీసు వ్యానులోకి తోశారు. కిటికీ ఊచల్లోంచి వింటున్నాం. ఒకరి తరవాత ఒకరు లేచి చెబుతున్నారు. ఒక్కరు కూడా మేం అనుకున్న మాట అనలేదు. ఒకామె అడిగింది బడి కాదు, దీపాలు. ఒక ముసలాయన, మీ భోజనం చల్లారి వస్తుందయ్యా, ఎవరూ అడగరు కాబట్టి చెప్పలేదు అన్నాడు. వంటాయన చేతుల్లో ముఖం దాచుకున్నాడు.

యంత్రం వెనక్కి వెళ్ళింది. రేపు మున్సిపాలిటీ ఆఫీసులో అసలు విచారణ. ముసలాణ్ణని నన్ను ముందే, రెండు రోజులకి వంటాయన్నీ వదిలారు. పంతులమ్మ ఇంకా లోపలే ఉంది. పిన్ని ఆమెను క్షమించిందా అని అడక్కండి, ఆ మాట పిన్నినే అడగాలి. రేపు మీరందరూ రండి. మాట్లాడటానికి కాదు, వాళ్ళు మాట్లాడుతుంటే ఎవరూ నోరు నొక్కకుండా చుట్టూ కూర్చోవడానికి.

ఇంకొక్కటి. ఇందులో నేను కల్పించింది ఒకటుంది. యంత్రం డ్రైవరు దిగలేదు. ఇంజను ఆపిన మాట నిజమే, కానీ పైనే కూర్చుని, మా అందర్నీ చూస్తూ ఉండిపోయాడు. కథలో దింపితే బాగుంటుందని నేనే దింపాను. కూలికి వచ్చినవాడు, మనలాంటివాడే. దిగుతావా తమ్ముడూ అని మాలో ఎవరమూ అతన్ని అడగలేదు.