ఖాళీ దెబ్బ

తవిటయ్య వరండా మెట్టు మీద కూర్చుని బూటు లేసు కట్టుకుంటుండగా, వెనక గదిలో చిలకమ్మ పాట అందుకుంది. "వచ్చినది నువ్వేనా..." అని, అక్కడ ఆపి ఎదురుచూసింది. తవిటయ్య రెండో బూటు చేతిలోకి తీసుకున్నాడు. లేసుకి పడ్డ ముడి తీరిగ్గా విప్పాడు. కాసేపయ్యాక మిగతా సగం, "వానగాలేనా" అని, ఊపిరి చాలక మధ్యలో తెగిపోతూ చిలకమ్మే పూర్తి చేసింది.

అతను లేచి వెనక్కి తిరిగేసరికి ఆమె మంచం మీద గుమ్మం వైపే చూస్తూ పడుకుని ఉంది. పెదవులు అప్పుడే మూసుకున్నాయి. ఆ మొహం చూడగానే తనేదో జారవిడిచాడని తవిటయ్యకు తెలిసిపోయింది.

"పాడినావేటి?" అన్నాడు.

"నేదు మావా. ఆవలించినాను," అంది చిలకమ్మ.

ఆ పాట వాళ్ళింట్లోకి వచ్చి పదేళ్ళయింది. ఖరగ్‌పూర్ రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో తెర కట్టి ఒక తెలుగు సినిమా వేశారు. మూడు గంటలసేపు జనాన్ని ఏడిపించి పంపారు గానీ, ఎందుకు ఏడ్చారో వారం తిరిగేసరికి ఎవరికీ గుర్తులేదు. ఒక్క పాట మిగిలింది. మూసిన తలుపు వెనక నిలబడి ఒక ఆడమనిషి అడుగుతుంది, బయట చప్పుడు చేసింది నువ్వా, వానగాలా అని. "నువ్వేనా" అన్న తర్వాత ఫిడేలు ఆగిపోతుంది, తబలా ఆగిపోతుంది, గొంతూ ఆగిపోతుంది. సరిగ్గా ఒక్క దెబ్బకి పట్టేంత ఖాళీ. ఆ తర్వాతే "వానగాలేనా". సినిమా నుంచి సైకిలు వెనక కూర్చుని వస్తూ చిలకమ్మ మొదటి సగం పాడి ఆగింది. తవిటయ్య సైకిలు కమ్మీ మీద గోటితో ఒక్కసారి టంగుమనిపించాడు. ఆమె నవ్వుతూ రెండో సగం పాడింది. ఆ రోజు నుంచీ అదే వరస. ఆమె వంటింట్లో సగం పాడి ఆగితే, అతను చేతికందినదాని మీద, చెంబో తలుపో మంచపుకోడో, గోటితో ఒక దెబ్బ వెయ్యాలి. వేస్తేనే తక్కిన సగం. పిల్లల్లేని ఇంట్లో ఆ ఇద్దరూ ఆడుకున్న ఆట అదొక్కటే.

ఇవాళ అతను దెబ్బ వెయ్యలేదు. కుడి చెవి పోయి ఏడాదయింది. ఈ వానాకాలం ఎడమది కూడా మూసుకుపోతోంది. ఆ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు. ముఖ్యంగా చిలకమ్మకు చెప్పలేదు. ఆమె గుండె వాచిందని ఆస్పత్రిలో డాక్టరు చెప్పి రెండు నెలలు దాటింది. ఎంతకాలం అని తవిటయ్య అడిగితే, ఆయన ఉప్పు మానిపించమని చెప్పి తర్వాతి రోగిని పిలిచాడు. ఉన్న నాలుగు రోజులూ ఆమె పాడుతుంటే తను వినకపోవడం అనేది నోటితో ఎలా చెప్పాలో అతనికి తోచలేదు.

"సాయంత్రం తెలుగు సంఘంలో సబ మరవకు మావా," అంది చిలకమ్మ, ఒక్కో మాటా విడదీసి. "మాస్టారు సెప్పిందంతా ఒక్క ముక్క పోకుండా నాకు ఒప్పసెప్పాల. ఆ పాటలో ఏటుందో, విన్నప్పుడల్లా నానెందుకేడుస్తానో తెలియాల."

"నువ్వేడవడానికి పాటే గావాలేటి?" అన్నాడు తవిటయ్య, అన్నం డబ్బా చంకన పెట్టుకుంటూ.

తవిటయ్యది చక్రాలు వినే పని. ప్లాట్‌ఫారానికి బండి వచ్చి ఆగగానే, పొడుగు కర్ర ఉన్న సుత్తితో ఒక్కో చక్రాన్నీ కొట్టుకుంటూ బండి పొడుగునా నడవాలి. బాగున్న చక్రం ఖంగుమంటుంది. బీట ఉన్న చక్రం మొద్దుగా పలుకుతుంది. కొట్టడం ఎవరైనా కొడతారు. కొట్టాక ఆగాలి. ఆ ఆగడంలో ఉంది ఉద్యోగమంతా. ఇరవై ఏడేళ్ళలో పదకొండు బీటలు పట్టుకున్నాడు, అందులో రెండు కంటికి ఆననంత సన్నవి. అతని చెవి ఖ్యాతి స్టేషను దాటి గోల్‌బజారు దాకా పాకింది. తెలుగు ఆడవాళ్ళు కొత్త కుండ కొనేముందు "తవిటయ్యన్నా, ఒకపాలి కొట్టి సూడు" అని తెచ్చేవాళ్ళు. కుమ్మరివాడు అతన్ని దూరం నుంచి చూసే మొహం ముడుచుకునేవాడు.

ఆ రోజు ఆదివారం. పొద్దున పదింటికి పాసింజరు వచ్చింది. తవిటయ్య ఇంజను వైపు నుంచి మొదలుపెట్టాడు. కొద్దిరోజులుగా అతను చెవితో పాటు చేతిని కూడా నమ్ముకుంటున్నాడు. దెబ్బ కర్రలోంచి మణికట్టుకి ఎక్కే తీరుని బట్టి సగం పోల్చుకుంటున్నాడు. ఇవాళ వేళ్ళకి కూడా ఏదో తిమ్మిరి. ఏడో పెట్టె కింద రెండో చక్రాన్ని కొట్టి ఆగాడు. ఏమీ రాలేదు. మళ్ళీ కొట్టాడు. గోనెసంచిని కొట్టినట్టుంది. ఇంతమంది జనం ఎక్కి ఉన్న పెట్టె! చేతులు రెండూ పైకెత్తి గార్డుకి కనబడేలా ఊపాడు. చాక్‌పీసు తీసి చక్రం మీద గుర్తు వేశాడు.

బండ్ల ఎగ్జామినరు విల్‌ఫ్రెడ్ దొర టోపీ సర్దుకుంటూ వచ్చాడు. ఆయన వాల్తేరులో పుట్టి పెరిగిన ఆంగ్లో ఇండియన్. తెలుగు బాగానే మాట్లాడతాడు. సుత్తి అందుకుని కొట్టాడు. ఆ ఖంగుమన్న మోతకి ఎదురుగా టీ అమ్ముతున్న బెంగాలీవాడు కూడా తలెత్తి చూశాడు. విల్‌ఫ్రెడ్ ఇంకోసారి కొట్టి, చక్రం వైపు కాకుండా తవిటయ్య మొహం వైపు చూశాడు.

ఆయన చాక్‌పీసు గుర్తుని తన బూటు తుడుచుకునే గుడ్డతో చెరిపేశాడు. బండి ఏడు నిమిషాలు ఆలస్యంగా కదిలింది. తర్వాత గదిలోకి తీసుకెళ్ళి, తన చెవి మీద వేలు పెట్టుకుని అడిగాడు.

"ఎప్పట్నించి?"

"వానలప్పట్నించి, సాబ్."

"చక్రం మంచిదైతే పర్లేదు తవిటయ్యా. బీటున్నది మంచిదని వదిలేసి ఉంటే?"

ఆ మాట తనకు ముందే తోచి, ఎన్నో రాత్రులు నిద్ర లేకుండా చేసిందని చెప్పుకోవడం తవిటయ్యకు సిగ్గనిపించింది. రేపు డాక్టరు దగ్గరికి వెళ్ళాలనీ, ఆ తర్వాత కూర్చునే పనేదో చూస్తాననీ విల్‌ఫ్రెడ్ అన్నాడు. సుత్తి ఇమ్మని అడగలేదు. తవిటయ్యే దాన్ని బల్ల పక్కన మూలకి ఆనించి, పిడిని ఒకసారి అరచేత్తో తుడిచి బయటికొచ్చాడు.

సాయంత్రం అయిదింటికి తెలుగు సంఘం హాలు నిండింది. పరబ్రహ్మం మాస్టారు రైల్వే బడిలో తెలుగు చెబుతారు. ఇంట్లో ఫిడేలు వాయిస్తారు. సినిమా పాటలంటే చిరాకు పడే మనిషి ఈ ఒక్క పాట దగ్గర లొంగిపోయి, నెలకోసారి తవిటయ్యతో దాని గురించి వాదించేవారు. రికార్డు వెయ్యబోయేముందు దాన్ని తవిటయ్య చేతికివ్వడం ఆయనకు అలవాటు. గోటితో తట్టి, పగులుందో లేదో అతను చెప్పాలి. ఇవాళా ఇచ్చారు. తవిటయ్య తట్టాడు. ఏమీ తెలియలేదు.

"బావుంది మాస్టారూ," అన్నాడు. తన పనిలో అతను ఆడిన మొదటి అబద్ధం అది.

మొదటి వరసలో, ఎడమ చెవి మాస్టారి వైపు తిప్పుకుని కూర్చున్నాడు. మాస్టారు నల్లబల్ల మీద అయిదు స్వరాలు రాశారు. శివరంజని రాగం అన్నారు. అయిదే మెట్లు కాబట్టి పసిపిల్లలు కూడా పాడగలరన్నారు. అప్పుడు ఆయన బల్ల వైపు తిరిగారు, మాటలు తెగిపోయాయి. తవిటయ్య ముందుకి వంగాడు. చేతిని దొప్పలా చేసి చెవికి ఆనించాడు. మళ్ళీ ఇటు తిరిగినప్పుడు కొన్ని దొరికాయి. ప్రశ్న పంచమం దగ్గర ఆగిందట. పాటకి ఇల్లు షడ్జమం. అక్కడికి ఇంకా రాలేదు. చెవి ఇంటికి పోదామని కొట్టుకుంటూ ఉంటుందట. తవిటయ్య "పంచమం, ఇల్లు, షడ్జమం" అని లోలోపల వల్లెవేసుకున్నాడు. దొరికినవాటికంటే పోయినవే ఎక్కువని అతనికి తెలుసు. చిలకమ్మకి ఏం చెప్పాలి? కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పక్కవాళ్ళు అది మాస్టారి మాటల మహిమ అనుకున్నారు.

మాస్టారు దగ్గరికి వచ్చి భుజం తట్టారు. "ఆ ఖాళీ గురించి నువ్వు చెప్పు తవిటయ్యా. అది నీ మాట, నేను చెబితే దొంగతనమవుతుంది."

తవిటయ్య సభలో ఎప్పుడూ నోరు విప్పలేదు. లేచి నిలబడి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కట్టుకున్నాడు.

"నాకు సొరాలు తెలవ్వు బాబూ. నాను సక్రాన్ని కొట్టి ఊరుకుంటాను. అప్పుడు సక్రం సెప్తాది. కొట్టిన నాను గొప్పోణ్ని కాను, ఆ ఊరుకోడం గొప్ప. ఈ పాటా అంతే. ఆయమ్మ అడిగి ఊరుకున్నాది. ఆ ఊరుకున్న కాడ... మనోళ్ళు ఎవులు పోనారో, ఎవులు రావాలో, ఆళ్ళు మనకు తలుపుకాడ కనబడతారు. ఆయమ్మ పాడింది ఆయమ్మది. ఆ కాళీ దెబ్బ మాత్రం మనది."

గుక్క తిప్పుకుని కూర్చున్నాడు. మాస్టారు గ్రామఫోనుకి కీ ఇచ్చి ముల్లు పెట్టారు. తవిటయ్యకి ఫిడేలు అసలు వినబడలేదు. గొంతు ఎక్కడో గోడ అవతల ఉంది. కరెంటు లేక హాల్లో ఆడవాళ్ళు విసనకర్రలు ఊపుకుంటున్నారు. ఉన్నట్టుండి ఆ విసనకర్రలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. తవిటయ్య గోరు దానంతటదే కుర్చీ చేతి మీద పడింది. మళ్ళీ విసనకర్రలు కదిలాయి. ఆ ఒక్క దెబ్బ కాలంలో, చెవులున్నవాళ్ళకీ తనకీ తేడా లేకపోయింది. ఈ సంగతి చిలకమ్మకి చెప్పాలని అతనికి ప్రాణం లాగేసింది.

ఇంటికి చేరేసరికి దీపాలు పెట్టారు. చిలకమ్మ దగ్గర కూర్చున్న పక్కింటి చిట్టెమ్మ, "అన్న వొచ్చినాడు గదా, గంజి కాసి తెస్తాను వొదినా," అని గోడ అవతల తన పొయ్యి దగ్గరికి వెళ్ళింది. చిలకమ్మ రెండు తలగడల మీద ఎత్తుగా పడుకుని ఉంది. పక్కన స్టూలు మీద కంచు గ్లాసులో బార్లీ నీళ్ళు. పొద్దుటికీ ఇప్పటికీ ఆమె మొహం బాగా పీక్కుపోయింది.

"సెప్పు," అంది.

తవిటయ్య స్టూలు పక్కన నేల మీద కూర్చున్నాడు. అయిదు స్వరాలన్నాడు. పంచమం అన్నాడు. పాటకి ఇల్లుందన్నాడు. అక్కడ ఆగిపోయాడు. ఇక కల్పించి చెప్పడం అతని వల్ల కాలేదు.

"సగం ఇనబడనేదే చిలకా. నాకు సెవులు పోనాయి. పొద్దున్న నువ్వు పాడినావు, నాను ఇననేదు."

ఆమె చెయ్యి చాపి అతని గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంది. మెల్లగా, పెదవులు బాగా కదిలిస్తూ అంది.

"తెలుసు మావా. వానల్నించీ తెలుసు. మంచం గుమ్మం ఏపు ఎందుకు తిప్పించినాననుకున్నావు?"

"గాలికనుకున్నాను."

"నా నోరు నీకు కనబడాలని."

తవిటయ్య ఆమె అరచేతిలో మొహం పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆమె వద్దనలేదు. కాసేపటికి అతని జుట్టు పట్టి లాగి తలెత్తించింది. ఆమె కళ్ళలో పాత అల్లరి కనబడింది. పెదవులు కదిలాయి. వచ్చినది. నువ్వేనా. ఒక్కో అక్షరం అతనికి కంటితో వినబడింది. ఆమె ఆగింది. కళ్ళు మూసుకుంది.

తవిటయ్య కంచు గ్లాసు అంచు మీద గోటితో ఒక దెబ్బ వేశాడు.

పెదవులు కొంచెం తెరుచుకునే ఉన్నాయి. అతను ఎదురుచూశాడు. ఎంతసేపటికీ ఏమీ వినబడలేదు. పొద్దున పాసింజరు చక్రం గుర్తొచ్చింది. అప్పుడూ ఇలాగే ఏమీ రాలేదు. ఆ తప్పు చక్రానిది కాదు, తన చెవిది. ఇదీ అంతే అయ్యుంటుంది. ఊపిరి లేక పెదవులు కదపకుండా లోలోపలే పాడేసి ఉంటుంది.

"బాగా పాడినావు," అన్నాడు.

ఆమె చెయ్యి తన చేతిలోకి తీసుకుని, హాల్లో విసనకర్రలు ఆగిపోయిన సంగతి చెప్పడం మొదలుపెట్టాడు. తను లేచి మాట్లాడిందంతా ఒక్క ముక్క పోకుండా ఒప్పజెప్పాడు. మాస్టారు భుజం తట్టారని రెండుసార్లు చెప్పాడు. అలా చెబుతూ ఉండగానే చిట్టెమ్మ గంజి తీసుకుని వచ్చింది. గుమ్మంలో నిలబడిపోయింది. గిన్నె కింద పెట్టి, మంచం దగ్గరికి వచ్చి, చిలకమ్మ ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. తర్వాత తవిటయ్య మొహాన్ని తన వైపు తిప్పుకుని, అతనికి కనబడేలా అంది.

"అన్నా. వొదిన ఎల్లిపోనాది."

తవిటయ్య ఆమె పెదవుల వైపు చూశాడు. చిలకమ్మ పెదవుల వైపు చూశాడు. అడిగాడు.

"గోడవతల ఉన్నావు గదా, నీకినబడినాదా? రెండో సగం పాడినాదా?"

చిట్టెమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, లేదన్నట్టు తలూపింది.

స్టూలు మీద కంచు గ్లాసు అలాగే ఉంది. అందులో సగానికి బార్లీ నీళ్ళున్నాయి.