గోడవతలి పిలుపు

అక్టోబరులో రెండో సోమవారం విల్‌ఫ్రెడ్ హార్కస్ పొద్దున్నే టీ తాగి, వెన్న రాసిన ఓట్స్ రొట్టె రెండు ముక్కలు నమిలి, టోపీ పెట్టుకుని దొడ్డికి బయల్దేరాడంటే పెయ్యల్ని ఏరే రోజొచ్చిందని ఆ దీవిలో అందరికీ తెలుసు. డెబ్భై నాలుగేళ్ల మనిషి. మోకాళ్లు అరిగాయి గానీ నోరు మాత్రం చెక్కుచెదరలేదు.

ఆయనది మాంసానికి పెంచే మంద. ఏటా పది ముసలావులు పోతాయి. వాటి చోటుకి పది పెయ్యల్ని ఉంచుకుని మిగతావాటిని లారీ ఎక్కిస్తారు. ఆ పదీ ఏవన్నదే అసలు తలనొప్పి. కూతురు ఇంగా ఒక్కోదాన్నీ పట్టి చూసేది. గిట్టలు తిన్నగా ఉన్నాయా, తుంటి ఎముకల మధ్య దూడకి దారి ఉందా, మనిషిని చూస్తే బెదురుతుందా, తల్లి ఏటా ఈనిందా? ఇరవై ఏళ్లుగా ఈ చాకిరీ ఆమెదే.

అదంతా అయ్యాక పెయ్యల్ని రాతిగోడ దగ్గరికి తోలేవాళ్లు. సముద్రం మీద పొగమంచు కదిలి, చచ్చిపోయిన తల్లులూ అమ్మమ్మలూ వచ్చి గోడకి అవతల నిలబడేవి. అవి నిలబడ్డ చోట గడ్డి వంగేది కాదు. ఏ తల్లి పిలిస్తే దాని సంతతి కొండ గేటులోకి, పిలుపు రానిది లారీ గేటులోకి. ఇన్నేళ్లలో అవి పిలిచినదేదీ గొడ్డుపోలేదు.

ఆ ఏడు ఇంగా మాటిమాటికీ రేవు వైపు చూస్తోంది. మధ్యాహ్నం పడవలో వకీలు వస్తున్నాడు. పొలమూ మందా ఇంగా తమ్ముడు ఎర్లెండ్ పేర రాయడానికి. కిర్క్‌వాల్ పట్నంలో టైర్ల కొట్టు పెట్టుకున్న ఎర్లెండ్ మందని వారంలో అమ్మేస్తానని పబ్బులో అందరికీ చెప్పేశాడు.

ఇంగాకి ఎందుకు రాయడంటారా? ఆమే ఎర్లెండూ కవలలు. కోడెదూడతో కలిసి పుట్టిన పెయ్య గొడ్డుపోతుందని పశువులున్న ప్రతి ఇంట్లోనూ తెలుసు. ఆ లెక్క ఈ మహానుభావుడు కన్నకూతురికీ కట్టాడు! "దీని చేతిలో ఏదీ పెరగదు," అనేవాడు వచ్చినవాళ్లందరితో. ఆ మాటే ఇద్దరు పెళ్లికొడుకుల్ని వాకిట్లోంచి వెనక్కి పంపింది.

తొమ్మిది పెయ్యలు కొండ గేటు దాటాయి. ఒక్కోదాని వీపూ తట్టి లెక్కపెట్టాడు విల్‌ఫ్రెడ్. చివరికి ఒక్కటే మిగిలింది.

"అది కోడెతో పుట్టింది. లారీకి తోలు."

"అన్నీ చూశాను నాన్నా. దీనికి ఏ లోటూ లేదు. గోడ దాకా రానీ."

"దాని కడుపు ఒట్టి సంచి! పిచ్చిదానా, ఎన్నిసార్లు చెప్పాలి నీకు?"

గోడకి ఆనుకున్న ఎర్లెండ్ నవ్వాడు. "రానీ నాన్నా, ముచ్చట తీరుతుంది."

"ఎవరికిరా, దానికా నాకా?"

"ఇద్దరికీనూ."

ఇంగా పెయ్యని గోడ దగ్గరికి నడిపించింది.

మంచులోంచి నల్లావు వచ్చింది. పోయినేడు మార్చిలో ఈ పెయ్యనీ దాని జంట కోడెనీ ఈని, ఇంగా ఒళ్లో తల పెట్టి చచ్చిన ఆవు. ఒంటి మీద ఈతనాటి తడి ఇంకా ఆరలేదు. మెడ చాచి పిలిచింది. పెయ్య బదులు పలికింది.

విల్‌ఫ్రెడ్ లారీ గేటు మీంచి చెయ్యి తీశాడు. వెళ్లి కొండ గేటు తెరిచాడు. "పది," అన్నాడు.

తల్లులు ఒక్కొక్కటే మంచులోకి మళ్లాయి. నల్లావు మళ్లలేదు. మళ్లీ మెడ చాచి, ఇందాకటి కంటే గట్టిగా పిలిచింది.

ఎర్లెండ్ వెనక్కి చూశాడు. దొడ్డి ఖాళీ. "ఇంకేం మిగిలిందని?" అన్నాడు. నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు.

ఆవు మూడోసారి పిలిచింది. ఇంగా గొంతులోంచి ఒక బదులు వచ్చింది. తను పలకాలనుకోలేదు. దానంతటదే వచ్చింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది.

ముసలాయన కూతురి వైపు చాలాసేపు చూశాడు. నలభై ఏళ్లలో అంతసేపు ఎన్నడూ చూడలేదు. కొండ గేటు బార్లా తెరిచాడు.

"ఇంగా, నువ్విటు రామ్మా."

"మరి నేను?" అన్నాడు ఎర్లెండ్.

విల్‌ఫ్రెడ్ కాలితో లారీ గేటు తోసి తెరిచాడు. "పడవ రెండింటికి. ఆ వకీలుని రేవులోనే పట్టుకుని, కాగితాలు తిరగరాయాలని చెప్పు. పేరు మారింది."

ఇంగా గేటు దాటుతుంటే ఆయన చెయ్యి అలవాటుగా లేచి ఆమె వీపు తట్టింది.

"పదకొండు," అన్నాడు.

ఇంగా వెనక్కి తిరగలేదు. గేటవతల మంచులో పది పెయ్యలూ పక్కకి జరిగి ఆమెకి చోటిచ్చాయి.